పసుపు బొమ్మకి వీపు తిప్పి

రేడియో అన్న పేరు ఆయనకి డిపోలో పెట్టారు. ఇంటి చుట్టుపక్కల వాళ్ళు ఆ పేరు వింటే నవ్వేవారు. వాళ్ళకి తెలిసినంతలో ఆ మనిషికి నోరనేది అన్నం తినడానికే ఉంది.

రెండూ నిజమే. సిటీ బస్సు డ్రైవరుగా ఉన్నన్నాళ్ళూ ఆయన డిపోలో అడుగుపెట్టిన క్షణం నుంచి నోరు మూసింది లేదు. గేటు దగ్గర కాపలాదారుతో మొదలయ్యేది, మెకానిక్కుల దగ్గర ఊపందుకునేది, చివరి స్టాపులో పొడవాటి తెల్లగోడ నీడన బండి ఆపి టీ కొట్టు ముందు నిలబడే వేళకి మంచి రంజుగా సాగేది. చిల్లర కోసం జేబులన్నీ తడుముకుని, దిగాల్సిన చోటు దాటిపోయాక ఆ చిల్లర గుప్పిట్లోనే ఉందని కనిపెట్టే పెద్దమనిషి, లోపల బోలెడు ఖాళీ ఉన్నా మెట్టు మీద నుంచి కదలని కాలేజీ వీరుడు, ఫోనులో ఎవరితోనో కోడల్ని ఆడిపోసుకుంటూ పక్కనున్న ఆ కోడలి చేతే టిక్కెట్టు కొనిపించే అత్తగారు. వీళ్ళందర్నీ అచ్చు గుద్దినట్టు దించేసేవాడు. ఒక చేతిలో టీ గ్లాసు, రెండో చేయి గాల్లో. కండక్టరు పొట్ట పట్టుకుని మెట్ల మీద కూలబడేవాడు. టీ కొట్టాయన పాలు పొంగిపోతున్నా చూసుకునేవాడు కాదు.

అంత మనిషీ ఇంటి గుమ్మం దాటేసరికి బ్యాటరీ తీసేసినట్టు అయిపోయేవాడు. ఉన్న మాటలన్నీ దారిలో దిగబెట్టి ఖాళీ బండితో షెడ్డుకి చేరేవాడన్నమాట.

"ఇవాళ బండిలో విశేషాలేంటి?" అని భార్య అడిగేది. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టిన ప్రశ్న అది, చివరిదాకా మానలేదు.

"ఏముంటాయి," అనేవాడు. అది బాగా మాట్లాడిన రోజు. మిగతా రోజుల్లో "ఊఁ". ఆ ఊఁలలో కూర బాగుందన్నది ఏదో, కరెంటు బిల్లు కట్టేశానన్నది ఏదో, తలనొప్పిగా ఉందన్నది ఏదో ఆవిడకే తెలుసు. కూతురు కూడా చాలామటుకు వాళ్ళమ్మని అడిగే తెలుసుకునేది.

చెడ్డవాడేమీ కాదు. జీతం తెచ్చి చేతిలో పెట్టేవాడు. చేయెత్తింది లేదు, గొంతు పెంచింది లేదు. గొంతే లేకపోతే పెంచడమెక్కడ! భార్య ఒక దర్జీ కొట్టులో కాజాలు, బొత్తాలు కుట్టేది. ఆ కొట్టుకి గురువారం సెలవు. ఆ రోజు ఆవిడ ఏం చేస్తుందో ఆయన ఎప్పుడూ అడగలేదు, ఆవిడ చెప్పలేదు. బజారు పనులేవో ఉంటాయని ఆయన అనుకునేవాడు.

వాళ్ళిద్దరి మధ్య గట్టి తగాదా అంటూ జరిగితే అది ఒక గొడుగు గురించి. ఎన్నేళ్ళయినా ఒక్క ప్రమాదం చేయనందుకు డిపో వాళ్ళు ఆయనకి బహుమతిగా ఇచ్చిన నల్ల గొడుగు అది. పిడి దగ్గర ఇత్తడి పట్టీ, దాని మీద డిపో పేరూ ఆయన బ్యాడ్జి నంబరూ. ఆయన దాన్ని ఎండకీ వానకీ తీసేవాడు కాదు, చూసుకోవడానికి తీసేవాడు. ఒక వానాకాలం ఆవిడ దాన్ని తీసుకెళ్ళి ఎక్కడో పోగొట్టుకుని వచ్చింది.

"ఎక్కడ మర్చిపోయావు?"

"గుర్తులేదండీ."

"గుర్తులేకపోవడమేంటి?"

ఆయనకి ఒళ్ళు మండింది. రెండు రోజులు మాట్లాడటం మానేశాడు. ఆయన మాట్లాడటం మానేశాడన్న సంగతి మాత్రం ఇంట్లో ఎవరూ గమనించలేదు.

తర్వాత కొన్నాళ్ళకే, ఒకరోజు పొద్దున కొట్టులో సూది చేతిలో ఉండగానే ఆవిడ పక్కకి ఒరిగిపోయింది. ఆస్పత్రికి చేరేలోపే అంతా అయిపోయింది. ఆ ఏడే ఆయన రిటైరయ్యాడు.

ఇల్లు నిశ్శబ్దమైపోయిందని కూతురు బాధపడింది కానీ, నిజానికి ఆ ఇంట్లో చప్పుడు ఎప్పుడుందని? ఆయనకి తెలిసివచ్చింది వేరే. మాట్లాడకుండా ఉండాలన్నా ఎదురుగా ఒక మనిషి ఉండాలి. ఎవరూ లేనిచోట నోరు మూసుకుని కూర్చోవడం చాలా కష్టమైన పని. సాయంత్రం అయ్యేసరికి చెవులు ఆ ప్రశ్న కోసం ఎదురుచూసేవి. అది వచ్చేది కాదు.

అలాంటి ఒక సాయంత్రం కండక్టరు వచ్చాడు. పాత జతగాడు, అన్నా అని పిలుస్తాడు. చేతిలో నల్ల గొడుగు.

"అన్నా, ఇది నీదేగా? నంబరు చూసి డిపోలో నాకిచ్చారు."

రేడియో ఇత్తడి పట్టీని బొటనవేలితో తుడిచి చూశాడు. తనదే. "ఎక్కడ దొరికింది?"

"మ్యూజియం నుంచి ఎవరో ఆవిడ తెచ్చి ఇచ్చిందట. ప్రతి గురువారం వచ్చే అక్క మర్చిపోయింది, మళ్ళీ వస్తుందని ఇన్నాళ్ళూ దాచాం, రావడం లేదు అని చెప్పి వెళ్ళిందట."

"ఏ మ్యూజియం?"

"అదేనన్నా, పోస్టాఫీసు వీధిలో. ఒక్క పెయింటరు బొమ్మలే పెట్టారు చూడు. అవి బొమ్మలని వాళ్ళు చెబితేగానీ తెలీదు."

కండక్టరు టీ తాగి వెళ్ళిపోయాడు. రేడియో గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. 'ప్రతి గురువారం' అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. ఒకసారి వెళ్ళిందంటే సరే, ఎవరో తీసుకెళ్ళారనుకోవచ్చు. ప్రతి గురువారం! పైగా గొడుగు ఎక్కడ మర్చిపోయిందో ఆవిడకి తెలుసు. తెలిసీ తెలియదంది. ఎందుకు?

కూతురికి ఫోన్ చేశాడు. ఆ అమ్మాయి మందుల కొట్టులో పనిచేస్తుంది, ఊరికి ఆ చివర కాపురం.

"అమ్మ బొమ్మలు చూడ్డానికి వెళ్ళేదా?" అంది ఆశ్చర్యంగా. "క్యాలెండరు మీద బొమ్మ ఎందుకు, అంకెలు పెద్దగా ఉంటే చాలనేది కదా నాన్నా!"

"నీకూ చెప్పలేదా?"

"లేదు. నువ్వెప్పుడైనా అడిగావా?"

"ఊఁ," అన్నాడు. ఈ ఊఁ ఏదో కూతురికి తెలియలేదు. ఆయనకీ తెలియదు.

గురువారం మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొడుగు పట్టుకుని బయల్దేరాడు. పోస్టాఫీసు వీధి ఇరుకు, బస్సులు తిరగవు. బస్సు తిరగని వీధి ఆయన లెక్కలో ఊళ్ళో లేనట్టే. పుట్టి పెరిగిన ఊళ్ళో దారి అడిగి అడిగి వెళ్ళాడు. సందులో సందు తిరిగేసరికి ఏది తూర్పో ఏది పడమరో కూడా పోయింది. చివరికి ఒక పాత రెండంతస్తుల ఇల్లు కనిపించింది. ఆ చిత్రకారుడు బతికినన్నాళ్ళూ ఉన్న ఇల్లట అది. పోయాక బంధువులు మ్యూజియం చేయమని ఇచ్చేశారు. గురువారాలు టిక్కెట్టు లేదని గుమ్మం దగ్గరి అబ్బాయి చెప్పి, మొదటి గది కుడివైపు అన్నాడు.

మొదటి గది బాగానే ఉంది. ఒక గుర్రం, ఒక పడవ, కిటికీ దగ్గర కూర్చుని తల దువ్వుకుంటున్న అమ్మాయి. గుర్రం గుర్రంలానే ఉంది. ఇందుకేనేమో వచ్చేది అనుకుని రేడియో కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. పిల్లదాని ముఖం ఆవిడకి నచ్చి ఉంటుంది. సరిపోయింది.

రెండో గదిలోకి వెళ్ళేసరికి గుర్రానికి తల లేదు. పడవ ఒకచోట, నీళ్ళు ఇంకోచోట ఉన్నాయి. తల దువ్వుకునే అమ్మాయి ముఖం మూడు ముక్కలైంది. అందులో రెండు ఒకే వైపు చూస్తున్నాయి. పాపం పెద్దాయనకి కళ్ళు మసకలు కమ్మాయేమో అనుకున్నాడు. మూడో గదిలో అసలు ఏమీ లేదు. అంటే ఉన్నాయి, గోడ నిండా ఉన్నాయి, కానీ ఏమిటో తెలియదు. ఎర్రటి గుండ్రం ఒకటి కనిపిస్తే అలవాటు కొద్దీ కాలు ఆగింది. ఆకుపచ్చది ఎప్పుడు పడుతుందా అని కాసేపు నిలబడి, సిగ్గుపడి ముందుకు కదిలాడు.

పక్కన అట్ట మీద వివరం రాసి ఉంది. కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. 'ఇక్కడ చిత్రకారుడు ఆకారాన్ని వదిలి కాలాన్ని పట్టుకున్నాడు.' మళ్ళీ చదివాడు. ఒక్కొక్క మాటా తెలిసిన మాటే. అన్నీ కలిపితే ఏమయ్యాయో మటుకు తెలియలేదు. భార్యకి ఇది ఎలా తెలిసిందబ్బా అని మొదటిసారి భయం లాంటిది వేసింది. కాజాలు కుట్టే మనిషి, పేపరు కూడా ధరల కోసం తిరగేసే మనిషి, తనతో అన్నేళ్ళు కాపురం చేసిన మనిషి, వారం వారం ఇక్కడికి వచ్చి ఈ ఎర్ర గుండ్రాల ముందు నిలబడి ఏదో తెలుసుకుని ఇంటికొచ్చి ఏమీ ఎరగనట్టు అన్నం వడ్డించిందా? అయితే తనకి తెలిసిన మనిషి ఎవరు?

ఎదురుగా ఒకాయన గడ్డం కింద చేయి పెట్టుకుని, బొమ్మని చూస్తూ వెనక్కి అడుగులు వేస్తున్నాడు. ఒకటి, మరొకటి, ఇంకొకటి. 'రానీ రానీ... కొంచెం ఎడమకి... ఆఁ ఆపు' అన్న మాటలు రేడియో నాలుక చివరిదాకా వచ్చాయి. చెప్పడానికి పక్కన కండక్టరు లేడు. మింగేశాడు.

మేడ మెట్లెక్కితే పెద్ద హాలు. ఆ గోడంతా ఒకే ఒక్క బొమ్మ. పసుపు. కింద ముదురు, పైన లేత, ఒక మూలగా పిల్లవాడు చేయి తుడిచినట్టు ఒక బూడిదరంగు చార. పేరు 'మధ్యాహ్నం - ఏడు'. మిగతా ఆరు మధ్యాహ్నాలు ఏమయ్యాయో రాయలేదు. దాని ముందు వీపు ఆనించుకునే వీలులేని చెక్క బెంచీ ఒకటి. గోడ వారగా స్టూలు మీద ఒక యాభై ఏళ్ళావిడ, ఖాకీ కోటు వేసుకుని కూర్చుని ఉంది. మెట్ల మీద ఎవరో పిల్లలు గట్టిగా నవ్వితే వేలు పెదవుల మీద పెట్టుకుని, "మెల్లిగా," అంది. ఆ మాట కోసమే ఆవిడకి జీతం ఇస్తున్నట్టుంది.

రేడియో చేతిలో గొడుగు చూడగానే ఆవిడ లేచి నిలబడింది.

"ఇది... మీరు డిపో నుంచి వచ్చారా? అక్కకి అందిందా?"

"ఆ అక్క మా ఆవిడేనమ్మా."

"అలాగా అండీ! ఎలా ఉంది అక్క? ఊరెళ్ళిందా? ఇన్నాళ్ళూ రాలేదు."

రేడియోకి ఈ మాట చెప్పడం అప్పటికీ చేతకాలేదు. "లేదమ్మా," అన్నాడు. "పోయింది."

ఆవిడ మళ్ళీ స్టూలు మీద కూర్చుండిపోయింది. కొంగుతో కాదు, ఖాకీ కోటు చేతితో కళ్ళు ఒత్తుకుంది. తన భార్య కోసం ముక్కూ ముఖం తెలియని మనిషి ఒకావిడ ఏడుస్తోంది. ఓదార్చాలో ఊరుకోవాలో ఆయనకి తోచలేదు. కాసేపు గొడుగు పిడి తిప్పుతూ నిలబడి, చివరికి వచ్చిన పని అడిగాడు.

"ఏ బొమ్మ చూసేదమ్మా?"

"ఈ హాల్లోనే కూర్చునేది. ఈ బెంచీ మీదే."

అదీ సంగతి. పసుపు బొమ్మ! రేడియో బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాడు. గొడుగు మోకాళ్ళ మధ్య నిలబెట్టాడు. ఇంత దూరం వచ్చాక ఇక వదిలేది లేదనుకుని బొమ్మకేసి చూడటం మొదలుపెట్టాడు. ఎదురుగా వచ్చే బండిని ఎలా చూస్తాడో అలా, రెప్ప వేయకుండా. ముందు పసుపే కనిపించింది. తర్వాతా పసుపే కనిపించింది. ఆవిడకి పసుపు రంగు చీర ఉండేదా? ఉండేదనుకుంటా. లేదూ, అది కూతురిదా? గుర్తు రాలేదు, దాంతో తన మీద తనకే కోపం వచ్చింది. బూడిదరంగు చార తలుపు సందులా ఉంది. తలుపంటే ఇల్లు. ఇల్లంటే, అవును, మధ్యాహ్నం ఖాళీ ఇంట్లో ఎండ పడితే ఇలాగే ఉంటుంది. ఒంటరిగా ఉండేది కదా పాపం, అదే చూసుకునేది కాబోలు. అలా అనుకోగానే కళ్ళు చెమర్చాయి. బొమ్మ చప్పున అర్థమైపోయినట్టనిపించింది. అట్ట మీద రాసిన మాట కూడా ఇప్పుడు చదివితే తెలుస్తుందేమో అనుకున్నాడు. అంతా కుదిరింది. ఇక ఇంటికి వెళ్ళి ప్రశాంతంగా ఏడవొచ్చు.

వెనక నుంచి ఖాకీ కోటావిడ గొంతు సవరించుకుంది.

"ఏమండీ, ఏమీ అనుకోకండి. అక్క అటు తిరిగి కూర్చునేది కాదు."

"మరి?"

"ఇటు. బొమ్మకి వీపు తిప్పి."

రేడియో తెల్లమొహం వేశాడు. వెనక్కి తిరిగితే అక్కడ బొమ్మ ఏదీ లేదు. ఉన్నది పెద్ద అద్దాల కిటికీ ఒక్కటే, సగం దాకా తెర వేసి ఉంది.

"ఆ బొమ్మని అసలు చూడలేదా?"

"ఒకసారి చూసింది. 'ఇదేంటమ్మా, అన్నం అడుగు మాడినట్టుంది' అంది. నాకూ తెలీదండీ, రోజూ చూసి చూసి అలవాటైపోయింది."

ఇంతసేపూ కష్టపడి కట్టుకున్న తలుపు, ఇల్లు, ఎండ, అన్నీ ఒక్కసారి కూలిపోయాయి. కార్చిన కన్నీళ్ళు కూడా దండగైపోయాయి. "కిటికీలోంచి ఏం చూసేది?" అన్నాడు.

ఆవిడ తటపటాయించింది. స్టూలు వంక చూసింది, నేల వంక చూసింది. "మీరు ఆవిడ భర్త. మీకు చెప్పొచ్చో లేదో. పోయిన మనిషి. తప్పుగా అనుకోకూడదు మరి."

"చెప్పమ్మా."

"కింద ఒక బస్సు డ్రైవరు ఉండేవాడండీ. అతన్ని చూసేది."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో రేడియోకి అప్పుడు తెలిసింది. డ్రైవరు! తన భార్య, తన మొహమే చూడక, ఇంకో డ్రైవర్ని. తను ఏం తక్కువ చేశాడు? తాగాడా, తిట్టాడా? ఒక్క ప్రమాదం చేశాడా?

"అబ్బే, చెడుగా ఏమీ లేదండీ," అంది ఆవిడ కంగారుగా. "చూసి నవ్వుకునేది, అంతే. ఆ డ్రైవరు మహా నవ్వించే మనిషి. చుట్టూ ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళట. ఇక్కడికి మాటలు వినిపించవు, అద్దాలు మూసేసి ఉంటాయి కదా. అయినా అక్క ఆ చేతులు చూసే చెప్పేసేది, 'ఇదిగో, ఇవాళ చిల్లరాయన ఎక్కాడు', 'ఇవాళ ఎవరో అత్తగారు' అని. నాకేం కనిపించేది కాదు, నా కళ్ళకి అంత దూరం ఆనదు."

రేడియో ఈ మాటలు సగమే విన్నాడు. మిగతా సగం ఆ డ్రైవరు ఎవరా అని వెతకడంలో పోయింది. "ఏ స్టాండు అది?" అంటూ కిటికీ దగ్గరికి నడిచి తెర తోశాడు.

కింద ఒక ఖాళీ జాగా, రేకుల కప్పు, కప్పు మీద గాలికి ఎగరకుండా పెట్టిన రాళ్ళు, రెండు బస్సుల పైభాగాలు. ఏదో ఊరి బస్టాండులా ఉంది. ఎక్కడో చూసినట్టుంది, ఎక్కడో తెలియడం లేదు. బస్సుని ఆయన ముందు నుంచి చూశాడు, లోపలి నుంచి చూశాడు, కింద పడుకుని కూడా చూశాడు. నడినెత్తి మీద నుంచి చూడలేదు. రేకుల కింద నుంచి టీ గ్లాసులు పట్టుకుని కొట్టాయన బయటికి వచ్చేదాకా ఆయనకి తెలియలేదు. ఆ నడక, ఎడమ కాలు కొంచెం ఈడ్చి వేసే ఆ నడక. అది తన చివరి స్టాపు. ఆ జాగా వెంబడి పొడవాటి తెల్లగోడ. ఎన్నో ఏళ్ళు ఆ గోడ నీడన బండి ఆపాడు, దానికి వీపు ఆనించి టీ తాగాడు. అది ఎవరి గోడ అని ఒక్కనాడూ తలెత్తి చూడలేదు. సందులన్నీ తిరిగి తిరిగి తను వచ్చింది దాని వెనకవైపుకే!

అయితే తన రూటు డ్రైవరే. తన తోటివాడే. ఆ రూట్లో ఇంకో ఇద్దరున్నారు. ఒకడు ముసలాడు, వాడు కాడు. ఇంకొకడు మీసాలవాడు, పొద్దున్నే మీసాలకి నూనె రాసుకుని వచ్చే రకం. వాడే. వాడు జోకులు కూడా వేస్తాడు, చచ్చు జోకులు. తను ఉండగా వాడి జోకులకి ఎవరు నవ్వుతారని ఒక పక్క అవమానంగా కూడా ఉంది. తనే ఆ డ్రైవరేమో అన్న ఊహ ఆయనకి రాలేదంటే నవ్వకండి. రోజూ ఇంట్లో కంచం ముందు కనిపించే మనిషిని ఎవరైనా చాటుగా చూడ్డానికి వస్తారా?

"మీసాలున్నాయా వాడికి?" అని అడిగాడు.

"ఏమోనండీ. అక్క మొదటిసారి వచ్చిన రోజు మటుకు బాగా గుర్తుంది నాకు. పెద్ద వాన. తడిసి ముద్దై లోపలికి పరిగెత్తుకొచ్చింది. చేతిలో క్యారియరు. గురువారం టిక్కెట్టు లేదు, పైకి రా అక్కా అని నేనే పిలిచాను. ఇక్కడ నిలబడి తుడుచుకుంటూ కిందకి చూసింది, అలాగే ఉండిపోయింది. వాన వెలిశాక కూడా కదలదే! 'క్యారియరు ఎవరికో ఇవ్వాలన్నావు కదక్కా' అంటే, 'వద్దులే, ఇప్పుడు నేను వెళితే ఆపేస్తాడు' అంది. ఆ క్యారియరు అలాగే పట్టుకుని వెళ్ళిపోయింది."

క్యారియరు కూడానా అని పళ్ళు కొరకబోయిన రేడియో అక్కడే ఆగిపోయాడు.

క్యారియరు మర్చిపోయిన రోజు ఆయన ఉద్యోగంలో ఒక్కటే ఉంది. పెద్ద వాన రోజు. బన్ను తిని సరిపెట్టుకున్నాడు. సాయంత్రం ఇంటికెళితే క్యారియరు గట్టు మీద ఉంది, మూత తీయకుండా. "మర్చిపోయారు," అంది ఆవిడ. "ఊఁ," అన్నాడు. ఆవిడ జుట్టు తడిగా ఉండింది. ఎందుకు తడిసిందని అడగలేదు.

గురువారం మధ్యాహ్నం బండి మీసాలవాడిది కాదు. తనది. చిల్లరాయన తనవాడు. అత్తగారు తనది.

ఆయన కిటికీ చట్రం పట్టుకుని కిందకి చూస్తూ నిలబడ్డాడు. తెల్లగోడ నీడలో తన పాత బండి ఆగి ఉంది. కొత్త డ్రైవరు సీట్లోనే కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. టీ కొట్టు ముందు ఎవరూ నవ్వడం లేదు. అక్కడ ఒకడు గ్లాసు పట్టుకుని చేతులూపుతుంటే ఇక్కడి నుంచి ఎలా కనిపిస్తాడు? చిన్నగా కనిపిస్తాడు. మాట వినబడదు. తన ఇంట్లో తన మాట ఎంత వినబడిందో అంతే.

ఆయన ముఖంలో మార్పు ఖాకీ కోటావిడకి తెలియలేదు. పాపం, మంచి మాట చెప్పి చల్లబరుద్దామనుకుంది.

"అక్క మనసులో కల్మషం లేదండీ, నన్ను నమ్మండి. ఒకసారి నేనే అన్నాను, 'ఆ డ్రైవరు పెళ్ళాం ఎంత పెట్టిపుట్టిందో అక్కా, ఇంట్లో రోజంతా నవ్వులే నవ్వులు' అని."

"ఏమంది?" అన్నాడు రేడియో.

"కిటికీ అద్దం కొంగుతో తుడిచింది. తర్వాత, 'ఆవిడంటే నాకు మహా కుళ్ళు' అంది. నవ్వుతూనే అందిలెండి."

రేడియో బెంచీ మీద కూలబడ్డాడు. ఈసారి బొమ్మకి వీపు తిప్పి, కిటికీ వైపుగా. గొడుగు ఎక్కడ మర్చిపోయిందో ఆవిడ ఎందుకు చెప్పలేదో ఇప్పుడు తెలిసింది. చెబితే తను మర్నాటి నుంచి గోడ వైపు చూసేవాడు. చూస్తే ఆపేసేవాడు. రెండు రోజులు తను అలిగితే పడింది, ఈ కిటికీని మటుకు పోగొట్టుకోలేదు. ఇంత మాటకారి, ఒక్క మనిషికి ఒక్క కథ చెప్పలేకపోయాడు. ఆవిడ అడగనిదీ కాదు. రోజూ అడిగింది.

"ఆ డ్రైవరు నేనేనమ్మా," అన్నాడు.

ఖాకీ కోటావిడ ఆయన్ని కింద నుంచి పైదాకా చూసింది. ఇస్త్రీ చొక్కా, వంగిన భుజాలు, వచ్చిన దగ్గర్నుంచి నాలుగు ముక్కలు కలిపి మాట్లాడని నోరు.

"మీరా?" అంది. అబద్ధమాడుతున్నాడని కాదు, దుఃఖంలో మతి చలించిందేమో అన్నట్టు అడిగింది. "అతను మహా సరదా మనిషండీ."

బ్యాడ్జి లేదు, ఖాకీ లేదు, పక్కన సాక్ష్యానికి కండక్టరు లేడు. గొడుగు పిడి మీద నంబరు ఉంది కానీ అది ప్రమాదం చేయలేదన్నదానికే సాక్ష్యం. ఆయన లేచి కిటికీకి వీపు పెట్టి నిలబడ్డాడు. ఎదురుగా బెంచీ ఉంది. ఆవిడ కూర్చునే బెంచీ.

"ఇవాళ బండిలో..." అని ఆగాడు. గొడుగు గోడకి ఆనించి మళ్ళీ మొదలుపెట్టాడు. "ఇవాళ బండిలో ఒకాయన ఎక్కాడు."

చేయి దానంతటదే లేచింది. లేని కళ్ళజోడు సర్దుకుంది, పై జేబు తడిమింది, పక్క జేబు తడిమింది, పక్కవాడి జేబు తడమబోయి సారీ చెప్పింది. "ఉండవయ్యా కండక్టరూ, ఇస్తా, చిల్లరంటే గాల్లోంచి వస్తుందా? ఇంట్లోంచి లెక్కపెట్టి మరీ తెచ్చాను." గొంతు ఆ పెద్దమనిషిదే. నడుం అలాగే వంగింది. బస్సు కుదిపినట్టు ఒళ్ళు అలాగే ఊగింది. ఖాకీ కోటావిడ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, ఈయనే," అంది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటూ. రేడియో ఆవిడ వైపు చూడలేదు. బెంచీ వైపే తిరిగి, చిల్లరాయన తర్వాత కాలేజీ వీరుణ్ణి ఎక్కించాడు, వాడి వెనక అత్తగార్నీ కోడల్నీ ఎక్కించాడు. బండి నిండిపోయింది. గొంతు పెద్దదైంది, ఒక్కోచోట పగిలింది, అయినా ఆపలేదు.

గడ్డం కింద చేయి పెట్టుకునే ఆయన మెట్లెక్కి వచ్చి ఇదేం గోల అన్నట్టు చూశాడు. కింద గదుల్లోంచి కూడా ఎవరో తలలెత్తి చూస్తున్నారు. ఖాకీ కోటావిడ స్టూలు మీద కూర్చునే ఉంది. మెల్లిగా అన్న మాట ఆవిడ ఆయనతో అనలేదు.